సంక్రాంతి రేవులో వర్జిల్: ఇంగ్లీషుతో పాటు గ్రీకు, రోమన్ సాహిత్యం చదవబోయేవాళ్లకు

ఎమ్మే మొదటి ఏడాది సంక్రాంతికి హైదరాబాదు నుంచి రాత్రి రైలెక్కి పొద్దున్నే నరసాపురంలో దిగాను. మాది అవతలి ఒడ్డు, సఖినేటిపల్లి. రేవులో ఇసకేస్తే రాలనంత జనం. ఏరు దాటించే పంటు ఇంకా అవతలే ఉంది. చంకల్లో పిల్లలు, చేతుల్లో సంచులు, మోటారు సైకిళ్లకు కట్టిన చెరుకుగడలు, అందరి చూపూ ఏటి మీదే. సెలవుల్లో చదువుదామని తెచ్చుకున్న రోమన్ కవి వర్జిల్ కావ్యం ఈనియడ్ తీసి ఆరో ఆశ్వాసం తెరిచాను. వాళ్లు పుస్తకం అంటారు గాని మన లెక్కలో అది ఆశ్వాసమే. పాతాళంలో ఏటి గట్టున చనిపోయినవాళ్లు గుమిగూడి ఉంటారు. తల్లులు, వీరులు, పెళ్లికాని ఆడపిల్లలు, కన్నవాళ్ల కళ్లముందే చితికెక్కిన కుర్రాళ్లు. ముందు మమ్మల్ని దాటించు, మమ్మల్ని దాటించు అని పడవవాణ్ని బతిమాలుకుంటూ, ఆవలి ఒడ్డు మీది మమకారంతో చేతులు చాచి నిలబడ్డారంటాడు కవి. తలెత్తి చూశాను. పంటు మా వైపు తిరిగింది. గట్టు మీద జనమంతా ఒక్కసారి ముందుకు కదిలారు.

అప్పటిదాకా గ్రీకు, రోమన్ పేపరంటే నాకు పేర్ల పట్టిక. జ్యూస్, జూపిటర్, హెక్టర్, హెక్యూబా. పరీక్ష ముందు రాత్రి బట్టీ, తర్వాత మరుపు. ఆ రేవులోనే అది సాహిత్యమైంది. ఇప్పుడు కోనసీమలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ప్రతి జూన్‌లోనూ ఇద్దరో ముగ్గురో వచ్చి, ఇంగ్లీషు తీసుకుంటున్నాం మేడమ్, దాంతోపాటు గ్రీకులూ రోమన్లూ కూడా చదవాలనుంది, ఎలా మొదలుపెట్టాలండీ అని అడుగుతారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కోర్సు సంగతి

విదేశీ యూనివర్సిటీల పేజీలు చూసేటప్పుడు రెండు మాటల మధ్య తేడా పట్టుకోండి. క్లాసిక్స్ అంటే ఎక్కువ చోట్ల గ్రీకు, లాటిన్ భాషలు నేర్చుకుని మూలంలో చదవడం. క్లాసికల్ స్టడీస్ అన్నా క్లాసికల్ సివిలైజేషన్ అన్నా అనువాదాలతో సాహిత్యం, చరిత్ర, కళ, మతం, జనజీవనం చదవడం. ఇంగ్లీషుతో జతచేసి రెండిటినీ సమంగా చదివించే జాయింట్ ఆనర్స్ డిగ్రీలు బ్రిటన్‌లో చాలా ఉన్నాయి. రెండో రకానికి ముందుగా భాష రావాలని సాధారణంగా అడగరు. భాషే కావాలనుకుని, ఇంతవరకూ ఒక్క లాటిన్ ముక్క రాకపోయినా దారి ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో క్లాసిక్స్ అండ్ ఇంగ్లీష్ కోర్సు భాష వచ్చినవాళ్లకు 3 ఏళ్లు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 4 ఏళ్లు. అదనపు ఏడాది భాష కోసమే.

మన దేశంలో అయితే ఢిల్లీ యూనివర్సిటీ ఇంగ్లీష్ ఆనర్స్‌లో యూరోపియన్ క్లాసికల్ లిటరేచర్ అని ఒక పేపరు, ఇండియన్ క్లాసికల్ లిటరేచర్ అని ఇంకో పేపరు ఉంటాయి. 2022 నుంచి అక్కడ సీటుకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటి దగ్గరే చదువుకునేవాళ్లు ఇంగ్లీషు మేజరుతో పాటు చరిత్రో సంస్కృతమో మైనరుగా దొరుకుతుందేమో చూసుకోండి. అవీ దొరక్కపోతే దిగులు పడకండి. మీ సిలబస్‌లో ఉన్న ఇంగ్లీషు పాఠాలే సగానికి సగం గ్రీకు, రోమన్ గుమ్మాలు. షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ ఉందంటే, దాని వెనక గ్రీకు రచయిత ప్లూటార్క్ ఉన్నాడు. ఆయన రాసిన జీవిత చరిత్రల్ని థామస్ నార్త్ 1579లో ఇంగ్లీషు చేస్తే షేక్‌స్పియర్ అందులోంచే కథ తీసుకున్నాడు. షా నాటకం ఆర్మ్స్ అండ్ ద మ్యాన్, 1894లోది, చాలామందికి డిగ్రీలో వస్తుంది. ఆ పేరు వర్జిల్ ఈనియడ్‌కు డ్రైడెన్ 1697లో చేసిన అనువాదంలోని మొట్టమొదటి మాటలు. యుద్ధాన్ని గానం చేస్తానని మొదలయ్యే కావ్యం తలకట్టును, యుద్ధమంటే ఉన్న వెర్రి మోజును విప్పి చూపించే నాటకానికి పెట్టాడు షా. ఇది తెలియకుండా ఆ నాటకం మీద పది మార్కుల జవాబు రాస్తే పేరు దగ్గరే లోటు మిగిలిపోతుంది.

జంటగా చదవండి

ఇదే నా అసలు మాట. ఇంగ్లీషు పేపరు ఒక సెమిస్టర్, గ్రీకు పేపరు ఇంకో సెమిస్టర్ అని విడగొట్టి చదవకండి. ఏ ఇంగ్లీషు రచన చదువుతున్నారో దాని వెనకున్న పాతదాన్ని అదే వారంలో పక్కన పెట్టుకోండి. కీట్స్ నైటింగేల్ పద్యంతో ఈనియడ్ ఆరో ఆశ్వాసం. మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్‌లో పిరమస్, థిస్బీల నాటకంతో రోమన్ కవి ఓవిడ్ మెటమార్ఫసీస్ నాలుగో ఆశ్వాసం. టెన్నిసన్ యులిసీజ్‌తో గ్రీకు కవి హోమర్ ఒడిస్సీ. ఎలియట్ వేస్ట్ ల్యాండ్‌తో, ఎంత కష్టమైనా సరే, ఓవిడ్‌లో టైరీసియస్, ఫిలోమెలాల కథలు.

జంటగా చదివితే ఏమొస్తుందో ఒక్క పోలికతో చూపిస్తాను. హోమర్ ఇలియడ్ ఆరో ఆశ్వాసంలో గ్లాకస్ అనే వీరుడు యుద్ధభూమిలో శత్రువుకు తన వంశం చెప్పుకునే ముందు అంటాడు: మనుషుల తరాలు చెట్ల ఆకుల్లాంటివి, గాలికి కొన్ని నేలరాలతాయి, వసంతం వస్తే అడవి మళ్లీ చిగురిస్తుంది. కొన్ని వందల ఏళ్ల తర్వాత వర్జిల్ ఆ ఆకుల్ని పాతాళానికి తీసుకెళ్లాడు. రేవులో గుమిగూడిన ప్రేతాత్మలు శరత్కాలపు తొలి చలికి అడవిలో రాలే ఆకులన్ని ఉన్నారన్నాడు. హోమర్‌లో ఉన్న మళ్లీ చిగురించడం వర్జిల్ పోలికలో లేదు. 1667లో మిల్టన్ వచ్చాడు. ప్యారడైజ్ లాస్ట్ మొదటి ఆశ్వాసంలో స్వర్గం నుంచి పడి నిప్పుల మడుగులో తేలుతున్న దూతలు వాలంబ్రోసా వాగుల్లో పరుచుకున్న ఆకుల్లా ఉన్నారు. వాలంబ్రోసా ఇటలీలో ఊరు. మిల్టన్ కుర్రతనంలో ఇటలీ తిరిగి, చూపు పోయాక ఆ కావ్యాన్ని నోటితో చెప్పి రాయించాడు. ఒకే ఆకు, మూడు చేతులు. హోమర్ దగ్గర అది బతుకు, వర్జిల్ దగ్గర చావు, మిల్టన్ దగ్గర ఓడిపోయిన సైన్యం. పరీక్షలో మిల్టన్ ఉపమానాల గురించి అడిగితే ఇంతకంటే మంచి జవాబు నాకు తెలీదు.

ఇందులో మన పిల్లలకు ఒక చిక్కుంది. కోనసీమలో శరత్తులో ఆకులు రాలవు. కొబ్బరి ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది, మట్ట ఎండితే ఒక్కటే పడుతుంది. పైగా ఆటమ్ అంటే శరత్తు అని నిఘంటువు చెబుతుంది. మనకు శరత్తు అంటే వానలు వెలిశాక వచ్చే తెల్లటి రాత్రులు. రాజమహేంద్రవరంలో నన్నయ భారతాన్ని ఆపిన చోట ఉన్నవి ఆ రాత్రులే, శారదరాత్రులుజ్జ్వల అని మొదలయ్యే పద్యం. వర్జిల్ అడవిని చూడాలంటే శరత్తును వదిలి శిశిరానికి రావాలి. మాఘ ఫాల్గుణాల్లో ఊరి చివర రావిచెట్టు కింద నిలబడి చూడండి. నేను పిల్లల్ని అలాగే నిలబెట్టి ఈ పాఠం చెప్పాను. అదే పోలికలో వర్జిల్ ఇంకో సగం కూడా చెప్పాడు: చలి తరిమితే సముద్రం దాటి వెచ్చటి నేలకు గుంపులుగా చేరే పక్షులు. ఆ సగం మన వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. చలికాలంలో కోరింగ మడ అడవులకూ కొల్లేటికీ వచ్చే పక్షుల్ని చూసి పెరిగినవాళ్లే కదా. ఏది మీకు దగ్గరో, ఏది దూరమో ఇలా విడదీసి రాసుకోవడం అలవాటు చేసుకోండి.

పదో తరగతి గణవిభజన పారేయకండి

లాటిన్, గ్రీకు ఛందస్సు అంటే ఇంగ్లీషు విద్యార్థులు హడలిపోతారు. ఇంగ్లీషు పద్యం ఊనిక మీద నడుస్తుంది. వాళ్లది అక్షరం గురువా లఘువా అన్న లెక్క మీద నడుస్తుంది, అచ్చం మనలాగే. దీర్ఘం గురువు. పొల్లుతో కూడిన అక్షరం గురువు. సంయుక్తాక్షరం ముందున్నది గురువు. యమాతారాజభానసలగం గుర్తుంది కదా, అందులో భానస, అంటే భగణం: ఒక గురువు, రెండు లఘువులు. దాన్నే వాళ్లు డాక్టిల్ అంటారు. రెండు గురువులైతే స్పాండీ, మన గగం. హోమర్, వర్జిల్ కావ్యాల పంక్తికి ఆరు గణాలు. మొదటి నాలుగింటిలో భగణమైనా గగమైనా వేయొచ్చు, అయిదోది సాధారణంగా భగణం, చివరిది రెండక్షరాలు.

ఈనియడ్ మొదటి పంక్తి తీసుకోండి: అర్మ విరుంక్వె కనో ట్రోయై క్వీ ప్రీముస్ అబ్ ఓరీస్. యుద్ధాన్నీ ఆ మనిషినీ గానం చేస్తాను, ట్రాయ్ తీరం నుంచి మొదటగా వచ్చినవాణ్ని అని భావం. అర్మవి భగణం. రుంక్వెక భగణం, క్వె అక్కడ ఒకే హల్లు కింద లెక్క, హ్రస్వం. నోట్రో గగం. యైక్వీ గగం. ప్రీముస అనేది ముస్, అబ్ కలిసిపోయి భగణం. బోరీస్ గగం. ఒకసారి బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ చదివితే రెండు వేల ఏళ్లనాటి పంక్తి చెవికి పడుతుంది. మన ఉత్పలమాల కూడా భగణంతోనే మొదలవుతుంది, పైన చెప్పిన నన్నయ పద్యం ఉత్పలమాలే. రెండూ పక్కపక్కన చదివి చూడండి. మా క్లాసులో తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు నోరు తిరగక వెనక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి ఈ పంక్తిని అందరికంటే ముందు విడగొట్టాడు. ఆ రోజు నుంచి ముందు బెంచీకి వచ్చాడు.

భాష నేర్చుకోవాలనుకుంటే ఇంటర్లో సంస్కృతం తీసుకున్నవాళ్లకు పని ఇంకా తేలిక. మార్కుల కోసం తీసుకున్నా సరే, రామః రామౌ రామాః అని తిప్పిన నోటికి లాటిన్ విభక్తులు కొత్తగా అనిపించవు. గ్రీకులో, ముఖ్యంగా హోమర్లో, ద్వివచనం కూడా ఉంది. అగ్నికి ఇగ్నిస్, దంతానికి డెన్స్, నావకు నావిస్. ఈ చుట్టరికం గురించి విలియం జోన్స్ 1786లో కలకత్తాలో మాట్లాడాడు. అయితే ఆ చుట్టరికం సంస్కృతానిది, తెలుగుది కాదు. తెలుగు ద్రావిడ భాష, ఆ మాటలు మనకు సంస్కృతం నుంచి వచ్చాయి. జవాబులో ఇక్కడ తప్పు రాస్తే పరువు పోతుంది.

గైడు వల్ల నాకు జరిగింది

ఎమ్మేలో నా మొదటి సెమినార్ కీట్స్ నైటింగేల్ మీద. బజార్లో కొన్న గైడులో లీతీ అంటే ఒక మత్తుమందు అని ఉంటే అదే చెప్పాను. మా ప్రొఫెసర్ గారు, అది నది కదమ్మా, ఎక్కడుంది అన్నారు. నోరు పెగల్లేదు. లీతీ పాతాళంలో ఉండే మరుపు నది. ఈనియడ్ ఆరో ఆశ్వాసంలో ఆత్మలు ఆ నీళ్లు తాగి గత జన్మ మరిచిపోయి మళ్లీ దేహాల్లోకి వస్తాయి. రోమన్ కావ్యంలో పునర్జన్మ ఉందని చదివి నేను ఆశ్చర్యపోయాను. ఆ సెమినార్ సిగ్గే నా చేత సంక్రాంతి సెలవుల్లోకి వర్జిల్‌ను మోయించింది.

గైడులు చేసే ఇంకో పెద్ద హాని హమార్షియా. అరిస్టాటిల్ పొయెటిక్స్‌లోని ఆ మాటకు నాయకుడి స్వభావంలోని లోపం అని అచ్చేసి, పిల్లల చేత ఈడిపస్ గర్వమే అతని లోపం అని రాయిస్తారు. ఆ మాట గురి తప్పడం అన్న క్రియ నుంచి వచ్చింది. బాణం వేసినవాడు గురి తప్పినట్టు, తెలియక చేసిన పొరపాటు. ఈడిపస్ తన తండ్రి అని తెలియక చంపాడు, తన తల్లి అని తెలియక పెళ్లాడాడు. అతని కథతో సోఫోక్లీస్ రాసిన నాటకాన్ని మీరే ఒక మధ్యాహ్నం కూర్చుని మొత్తం చదవండి, రెండు గంటల పని. ఏథెన్స్‌లో ఆ నాటకం చూసినవాళ్లకు కథ ముందే తెలుసు. అది వింతగా తోస్తే మన ఊళ్లో తీర్థానికి వేసే పద్యనాటకం గుర్తు చేసుకోండి. రాయబారం విఫలమవుతుందని తెలియని వాడు అక్కడ ఒక్కడూ ఉండడు. అయినా తెల్లవార్లూ కూర్చుని కృష్ణుడి ప్రతి పద్యానికీ వన్స్ మోర్ అంటారు. ఏం జరుగుతుందో తెలిసి, ఎలా జరుగుతుందో చూడ్డానికి కూర్చోవడం మనకు చిన్నప్పటి అలవాటు. అన్నట్టు, ఇలియడ్ తొమ్మిదో ఆశ్వాసం మొత్తం రాయబారమే. అలిగి కూర్చున్న గ్రీకు వీరుడు ఆకిలీస్‌ను మళ్లీ యుద్ధానికి రమ్మని ముగ్గురు వెళ్తారు, అదీ విఫలమవుతుంది.

మనదే అనకండి, పరాయిదీ అనకండి

సంస్కృతి పేపర్లో మన పిల్లలు రెండు వైపులా జారిపోతారు. ఒకరు అంతా మన భారతంలో ఉన్నదే అంటారు. ఇంకొకరు ఇది వాళ్ల గొడవ, మనకెందుకు అంటారు. ఇలియడ్ ఇరవై నాలుగో ఆశ్వాసం చదవండి. ట్రాయ్ ముసలి రాజు ప్రయామ్ రాత్రిపూట శత్రువు గుడారానికి వెళ్లి, తన కొడుకుల్ని చంపిన ఆకిలీస్ చేతుల్ని ముద్దుపెట్టుకుని హెక్టర్ శవాన్ని అడుగుతాడు. ఇద్దరూ ఏడుస్తారు, ఒకరు కొడుకు కోసం, ఒకరు తండ్రి కోసం, స్నేహితుడి కోసం. తర్వాత కలిసి అన్నం తింటారు. ప్రయామ్ గడువు అడుగుతాడు: తొమ్మిది రోజులు ఇంట్లో ఏడుస్తాం, పదో రోజు దహనం, భోజనాలు, పదకొండో రోజు సమాధి దిబ్బ, పన్నెండో రోజు తప్పదంటే యుద్ధం చేస్తాం. పదో రోజు, పదకొండో రోజు, పన్నెండో రోజు అన్న లెక్క మన ఇళ్లలో ఎవరికి తెలియదు? మా నాన్నమ్మ పోయినప్పుడు గోదారి గట్టున కూర్చున్న ఆ రోజుల తర్వాత నేను ఈ భాగాన్ని క్లాసులో తడబడకుండా చదవలేకపోయాను.

కానీ అక్కడే ఆగితే చదువు కాదు. మన కర్మకాండ పితృలోకం వైపు చూస్తుంది. హోమర్ వీరుడికి మిగిలేది కీర్తి, దిబ్బ. తిక్కన స్త్రీపర్వంలో గాంధారి శోకాన్ని దీని పక్కన పెట్టుకుని, ఎవరు ఏడుస్తున్నారు, ఎవరి ముందు, దేవుడు ఎక్కడ నిలబడ్డాడు అని రాసుకోండి. రాజమండ్రి వెళ్లే పనుంటే గౌతమీ గ్రంథాలయంలో ఒక పూట కూర్చోండి. తర్వాత సోఫోక్లీస్ ఆంటిగొనె చదవండి, అన్నకు అంత్యక్రియలు చేయొద్దన్న రాజు మాట కాదన్న చెల్లెలి కథ. గ్రీకుల ఇళ్లలో బానిసలున్నారు, ఏథెన్స్ సభలో ఆడవాళ్లకు చోటు లేదు. ఇలియడ్ తగువు మొదలయ్యేదే చెరపట్టిన ఆడపిల్లల పంపకం మీద. మెచ్చుకుంటూనే ఇవన్నీ చూడాలి.

ఇక పరాయిదనే వాళ్లకు పెరిప్లస్ చూపించండి. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఒక వర్తకుడు గ్రీకులో రాసిన సముద్ర వ్యాపార కరదీపిక అది. అందులో మసాలియా అనే తూర్పు తీరం ఉంది, అక్కడ సన్నటి నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని రాశాడు. పండితులు దాన్ని మన ఆంధ్ర తీరంగానే గుర్తిస్తారు.

రోజువారీ పని

పేర్లతో భయపడకండి. అర్జునుడు, పార్థుడు, కిరీటి, సవ్యసాచి ఒక్కడేనని తెలిసిన మనకు ఒడిస్యూస్, యులిసీజ్ ఒక్కడేనని గుర్తుంచుకోవడం ఎంతసేపు? నోటుబుక్కు వెనక పేజీలో గ్రీకు పేరు ఒక వైపు, రోమన్ పేరు ఒక వైపు రాసుకోండి. దేవతల దగ్గర మాత్రం సమానం గుర్తు వేయకండి. హోమర్‌లో యుద్ధ దేవుడు ఏరీస్‌ను తండ్రి జ్యూసే అసహ్యించుకుంటాడు. రోములో అదే దేవుడు మార్స్, నగరం కట్టిన రోములస్‌కు తండ్రి, ఎంతో గౌరవం.

అనువాదం ఒక్కటే చాలదు. ఒకటి తేలిగ్గా సాగేది తీసుకోండి. రీయూ వచనంలో చేసిన ఒడిస్సీ 1946లో పెంగ్విన్ క్లాసిక్స్‌కు తొలి పుస్తకం, ఇప్పటికీ కథ కోసం బావుంటుంది. ఎమిలీ విల్సన్ 2017లో చేసిన ఒడిస్సీ ఇంగ్లీషు పద్యంలో చకచకా నడుస్తుంది. పక్కన పోప్‌ను పెట్టుకోండి, ఆయన ఇలియడ్ 1715 నుంచి 1720 మధ్య వచ్చింది, అది పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు సాహిత్యం కూడా కాబట్టి ఒకే పనికి రెండు ఫలాలు. కీట్స్‌కు గ్రీకు రాదు. చాప్‌మన్ చేసిన హోమర్ అనువాదం చదివి, దాని మీదే 1816లో ఒక సానెట్ రాశాడు, అనువాదంలో చదువుతున్నందుకు చిన్నబోయే విద్యార్థికి నేను ఇదే గుర్తు చేస్తాను. మూలం పక్కపేజీలో కావాలంటే లోబ్ పుస్తకాలు, ఆకుపచ్చ అట్ట గ్రీకు, ఎర్ర అట్ట లాటిన్. కాపీరైటు తీరిన పాతవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పర్సియస్ డిజిటల్ లైబ్రరీలో ఏ మాట మీద నొక్కినా దాని అర్థం, విభక్తి కనిపిస్తాయి.

ఇలియడ్ మొత్తం ఒకేసారి మింగలేకపోతే 1, 6, 9, 22, 24 ఆశ్వాసాలు ముందు చదివి, తర్వాత మొదటి నుంచి రండి. ఈనియడ్‌లో 2, 4, 6, ఆపైన 12. పన్నెండోది వదిలేసేవాళ్లు ఎక్కువ. ఆ కావ్యం ఎంత కోపంతో ఆగిపోతుందో చూడకపోతే దాని నాయకుడు ఈనియస్ మీకు సగమే తెలుస్తాడు. ఓవిడ్ను రోజుకో కథ చొప్పున రాత్రి పడుకునే ముందు చదవండి. నాటకాలు మాత్రం ఒక్క కూర్పులో, వీలైతే నలుగురు కలిసి పాత్రలు పంచుకుని పైకి చదవండి. మేం శనివారాలు కాలేజీ అయ్యాక కాలవ గట్టు మీద చదువుతాం, కోరస్ అందరం కలిసి. మొదట సిగ్గుపడ్డవాళ్లు మూడో వారానికి బుర్రకథ వంతల్లా అందుకోవడం మొదలుపెట్టారు.

వచ్చే వారం యూరిపిడీస్ మీడియా. క్రీస్తుపూర్వం 431లో మొదటిసారి ఆడిన నాటకం. ఇప్పటినుంచే మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఈ రాత్రికి అది తెరవండి. దాదిగా ఎవరు చదువుతారో ముందే తేల్చుకోండి, నాటకం ఆవిడ మాటతోనే మొదలవుతుంది.